లాకు తలుపు ముక్కు

ఆ యేడు సెప్టెంబరు నుంచి అక్టోబరు చివరిదాకా నేను ఒక తలుపు బొమ్మ గీశాను. ఒక్కటే తలుపు, రెండు రెక్కలు. ఇప్పటికీ ఎవరైనా "చిన్న బొమ్మే కదా, ఐదు నిమిషాల పని" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కంప్యూటర్లో చదువుకునే పాఠాలకి బొమ్మలు చేయడం నా ఉద్యోగం. ఆస్పత్రిలో చేతులు ఎలా కడుక్కోవాలి, పాల ఫ్యాక్టరీలో ఏ యంత్రాన్ని ముందు ఆపాలి, ఇలాంటి పాఠాలు. లేవార్డన్ పట్నంలో ఒక సైకిళ్ళ కొట్టు పైన మేడగదిలో మా కంపెనీ, మొత్తం నలుగురం. వారానికి రెండు రోజులు అక్కడికి వెళ్ళేదాన్ని. మిగతా రోజులు మా వంటింటి బల్ల దగ్గరే పని. ఆ బల్లకి ఎదురుగా కిటికీ, కిటికీ బయట కాలువ, కాలువ మీద లాకు: ఎగువనొక తలుపు, దిగువనొక తలుపు, నడుమ పడవ కోసం నీటిమట్టం పెంచీ దించే తొట్టి. నా భర్త ఫోప్పె ఆ లాకు నడిపే లస్కరు. ఇరవై ఆరేళ్ళుగా పడవల్ని ఎగువకీ దిగువకీ దాటిస్తున్నాడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళుగా మేముంటున్న ఇల్లు ఆ పనితోపాటు ఇచ్చిన ఇల్లు.

ఆ వసంతంలో కాలువల కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నవంబరు ఒకటి నుంచి చుట్టుపక్కల ఉన్న ఇరవై మూడు లాకుల్నీ వంతెనల్నీ పట్నంలో ఒక గదిలో కూర్చుని ఎనిమిది మంది కెమెరాల్లో చూస్తూ నడుపుతారట. ఆ ఎనిమిది మందిలో ఫోప్పెకీ ఒక కుర్చీ ఉంది, కాకపోతే అక్టోబరు చివర పరీక్ష పాసవ్వాలి. పాసైతే ఇల్లు అద్దెకి మాకే ఉంచుతారు. లేకపోతే కొత్త సంవత్సరం నాటికి తాళాలు అప్పజెప్పాలి. పరీక్షకి ముందు చదవాల్సిన పదకొండు పాఠాలు తయారుచేసే పని మా కంపెనీకి వచ్చింది. అందులో బొమ్మలన్నీ నా నెత్తిన పడ్డాయి.

"అంటే నన్ను ఆ తలుపుల దగ్గర్నుంచి లేపేసే పాఠానికి బొమ్మలు నువ్వే వేస్తున్నావన్నమాట," అన్నాడు ఫోప్పె, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

"లేపడానికి కాదు, ఇంట్లో ఉంచడానికి. నువ్వు పాసయితే."

"లాకు గురించి నాకు పరీక్షా?"

"నీకే."

"పెట్టేదెవరు?"

"నేనే అనుకో," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో నవ్వు వినపడలేదు.

మా పనిలో తయారుగా ఉన్న బొమ్మల గిడ్డంగి ఒకటి ఉంటుంది. ఏది కావాలన్నా అందులో వెతుక్కుని తెచ్చి స్లైడు మీద పెట్టేయడమే. లాకు అని వెతికాను. తాళాలు వచ్చాయి. బీరువా తాళం, సైకిలు తాళం, గుండె ఆకారంలో తాళం. తలుపు అని వెతికాను. నూట నలభై తలుపులు వచ్చాయి. ఇంటి తలుపు, ఫ్రిజ్ తలుపు, జైలు తలుపు, నవ్వుతున్న కళ్ళున్న తలుపు. నీళ్ళని ఆపే తలుపు మాత్రం ఒక్కటీ లేదు. ఇక నేనే చేయాలి.

చేయడమంటే, పలకలూ గుండ్రాలూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి కొన్నిటిని అతికించడం, కొన్నిటితో కొన్నిటిని కోయడం. తర్వాత అంచుల మీది చుక్కలు పట్టుకుని లాగి సరిచేయడం. కోతలో ఒక మెలిక ఉంది. ముందు ఏ ఆకారాన్ని నొక్కుతామో అది మిగులుతుంది. తర్వాత నొక్కింది దాన్ని కొరికేసి తను మాయమవుతుంది. వరస తప్పితే తలుపు పోయి కన్నం మిగులుతుంది. మొదటి రెండు రోజులూ నాకు కన్నాలే మిగిలాయి.

మూడో రోజు ఫోప్పె నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇదేంటి, గొడ్ల కొట్టం తలుపా?"

"లాకు తలుపు."

"దీన్ని మూసి చూడు, సాయంత్రానికి ఊరు ఊరంతా నీళ్ళలో ఉంటుంది."

"ఏం తప్పుంది ఇందులో?"

"రెండు రెక్కలూ తిన్నగా కలిశాయి. లాకు తలుపులు తిన్నగా కలుస్తాయా ఎక్కడైనా?" కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. రెండు చేతుల వేళ్ళ కొసలూ ఆనించి ఇంటి కప్పులా పెట్టి, ఆ కొసని నా వైపు తిప్పాడు. "నువ్వు ఎగువ నీళ్ళు. తొయ్యి."

తోశాను. వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

"గట్టిగా తొయ్యి. బలం లేదా?"

రెండు చేతులతో తోశాను. కదల్లేదు.

"ఇప్పుడు లోపలి నుంచి తొయ్యి."

కప్పు లోపల చెయ్యి పెట్టి ఒక్క వేలితో తోస్తే అరచేతులు రెండూ విడిపోయాయి.

"అంతే. దీన్ని మేం ముక్కు అంటాం," అన్నాడు వేళ్ళ కొసని చూపించి. "ముక్కు ఎప్పుడూ ఎగువకే. నీళ్ళు ఎంత తోస్తే తలుపు అంత బిగుసుకుంటుంది. ముక్కు దిగువకి తిరిగిందంటే ఆ తలుపు తలుపే కాదు. మా నాన్న నాకు నడక కంటే ముందు ఇది నేర్పాడు."

ఆ సాయంత్రం కిటికీలోంచి చూస్తూ మళ్ళీ మొదలుపెట్టాను. పై నుంచి చూస్తే కనపడేట్టు, పొడుగ్గా కాలువ. ఎడమ వైపు ఎగువ నీళ్ళు ముదురు నీలం, కుడి వైపు దిగువ నీళ్ళు లేత నీలం. నడుమ తలుపు, ముక్కు ఎడమకి. రెక్కలు, స్తంభాలు, రెక్కలు కలిసే చోట కోత, పైన నడక బల్ల, అన్నీ కలిపి ముప్ఫై రెండు ముక్కలు. అతికించి ఒక్క ఆకారం చేసేసరికి ఆరు రోజులు పట్టింది. ఒకసారి అతికాక మళ్ళీ విడదీయలేం.

"ఆఁ," అన్నాడు ఫోప్పె చూసి. "దీన్ని చూస్తే మా నాన్న కూడా ఒప్పుకునేవాడు." ఫోప్పె నోటి నుంచి అంతకంటే పెద్ద మాట నేను వినలేదు. ఆ రోజు నాకు నిజంగా గర్వమనిపించింది.

ఆ గర్వం వారం కూడా నిలవలేదు. బొమ్మ కార్యాలయానికి వెళ్ళింది, అక్కడ ఎవరెవరో చూశారు, చూసిన ప్రతివాళ్ళూ ఒక మాట రాశారు. మూలలు గుండ్రం చేయండి. గోధుమరంగు దిగులుగా ఉంది, మా కార్యాలయం రంగు వేయండి. మేకులు ఎక్కువయ్యాయి. మేకులు ఏమయ్యాయి? ఒక్కో మాటకీ నేను ముప్ఫై రెండు ముక్కలూ మళ్ళీ పేర్చి, మళ్ళీ కోసి, మళ్ళీ అతికించాలి. పదో కూర్పు, పద్నాలుగో కూర్పు, ఇరవయ్యో కూర్పు. ఆ మాటలన్నీ పోగుచేసి నాకు అందించేది మా కంపెనీ నడిపే రియానె. నాకంటే పదేళ్ళు చిన్నది. చురుకైన పిల్ల, మంచిదే, కానీ జీవితంలో కాలువ దాటింది వంతెన మీద సైకిలెక్కే.

"విట్స్కె, ఇంకొంచెం ఫ్రెండ్లీగా ఉండాలంటున్నారు," అంది ఒక రోజు మేడగదిలో.

"ఏది?"

"తలుపు."

"ఇరవై టన్నుల తలుపు రియానె. అది ఫ్రెండ్లీగా ఎలా ఉంటుంది? చెయ్యి ఊపాలా?"

"నా మీద అరుస్తావేం? నేను చెప్తున్నానా, వాళ్ళు చెప్తున్నారు."

"వాళ్ళని ఒకసారి వచ్చి తలుపు చూడమను."

"వాళ్ళకి తీరికుంటే మన పాఠం ఎందుకు?" అని నవ్వి, తన కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది. నేను మూలలు గుండ్రం చేశాను.

ఆ విసుగంతా ఇంటికి మోసుకొచ్చేదాన్ని. సూప్ పలచగా ఉందని ఫోప్పె అంటే నువ్వే వండుకో అన్నాను. బూట్లు వాకిట్లో వదిలాడని అరిచాను. అతనూ తక్కువ తినలేదు. ఆ శరత్కాలంలో ఒక్కో పడవవాడూ లాకు దాటుతూ "ఇదే ఆఖరుసారా?" అని అడిగేవాడు. రోజుకి పాతిక మందికి అదే జవాబు చెప్పి ఇంట్లోకి వచ్చేసరికి అతని మొహం చూడాలంటే భయమేసేది. పదకొండు పాఠాల్లో పది చదివాడు, ఏడోది వదిలేశాడు.

"ఏడో పాఠం తెరిచావా?"

"దాంట్లో ఏముంది?"

"లాకు తలుపులు."

"లాకు తలుపుల గురించి నేను కంప్యూటర్లో చదవాలా? నాకు పరువు లేదా?" అన్నాడు. నేను రెట్టించలేదు. నిజం చెప్పాలంటే ఆ తలుపుని ఇంకొకరికి చూపించే ఓపిక నాకు లేదు.

అక్టోబరు నాలుగోవారంలో గురువారం, మధ్యాహ్నం నాలుగింటికి రియానె ఫోన్ చేసింది. పాఠాలు ఎలా ఉన్నాయో చూడమని కార్యాలయంలో ఐదుగురి చేత చదివించారట. ఏడో పాఠంలో ఐదుగురూ ఇరుక్కున్నారు.

"ఏమైంది?"

"నీ తలుపు ముక్కు ఎడమకి తిరిగుంది కదా. చూడ్డానికి అచ్చం వెనక్కి వెళ్ళే బటన్‌లా ఉంది. అందరూ దాన్నే నొక్కుతున్నారు. ఒకాయన పదకొండుసార్లు నొక్కి, కంప్యూటర్ చెడిపోయిందని ఫిర్యాదు రాశాడు."

"అది బటన్ కాదు, తలుపు."

"నాకు తెలుసు తల్లీ. కుడికి తిప్పెయ్. మన బాణాలన్నీ కుడికే కదా. అప్పుడు ఎవరూ వెనక్కి వెళ్ళాలనుకోరు. రెండు సెకన్ల పని. పాఠంలో, పరీక్షలో, ఆ బొమ్మ వాడిన చోటల్లా తనే మారిపోతుంది. ఐదింటికి వాళ్ళు పాఠాల మీద సంతకాలు పెడతారు."

వంటింటి బల్ల దగ్గరే ఉన్నాను. బయట వాన. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి, అద్దం అవతల లాకు, అసలు తలుపులు, అసలు ముక్కు. నేను తల ఎత్తలేదు. బొమ్మని నొక్కాను, కుడి ఎడమలు తిప్పే మీట నొక్కాను. ఏదో తేడాగా అనిపించింది. అనిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ అది నలభై ఒకటో కూర్పు. ఆ తలుపు మొహం మళ్ళీ చూడకూడదని ఒకటే కోరిక నాకు. నీళ్ళ రంగులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ముదురు నీలం ఎడమనే. ముక్కు ఒక్కటే కుడికి తిరిగింది. పంపించేసి కంప్యూటర్ మూసి, బంగాళాదుంపలు చెక్కు తీయడానికి లేచాను.

తర్వాతి మంగళవారం పరీక్ష. ఫోప్పె ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడున్నర బస్సుకి వెళ్ళాడు. నేను బఠాణీ సూప్ పెట్టి, అతనికిష్టమైన చక్కెర రొట్టె తెచ్చిపెట్టాను. ఒంటిగంటకి వచ్చాడు. బూట్లు విప్పి వాకిట్లో జాగ్రత్తగా సర్దిపెట్టాడు. ఎప్పుడూ అలా సర్దడు.

"పోయింది," అన్నాడు.

"ఏం పోయింది?"

"పరీక్ష. ముప్ఫైలో ఇరవై తొమ్మిది రైటు. కానీ ప్రమాదాల ప్రశ్నలు మూడుంటాయి, వాటిల్లో ఒక్కటి తప్పినా ఫెయిలే. ఒకటి తప్పిందట. మళ్ళీ పరీక్ష ఏప్రిల్లో."

ఏప్రిల్ అంటే ఇల్లు పోయిన మూడు నెలలకి. గరిటె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. "ఏ ప్రశ్న?"

"లాకు బొమ్మ వేశారు, రంగులు లేకుండా. ఎగువ నీళ్ళు ఎటు అని అడిగారు. ముక్కు కుడికుంది. కుడి అన్నాను." కుర్చీలో కూలబడ్డాడు. "తప్పట. ఎడమట. ఎవడో తెలివైనవాడు తలుపుని తిరగేసి పెట్టాడు విట్స్కె. మిగతా ఏడుగురూ ఎడమ అని పాసైపోయారు. వాళ్ళలో నలుగురు బస్సుల ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు, లాకు మొహం ఎరగరు. పాఠంలో చూసింది చూసినట్టు రాశారు. ఇరవై ఆరేళ్ళు ఆ తలుపుల మీద నడిచినవాణ్ణి నేనొక్కణ్ణే తప్పాను."

"ఎవడో కాదు," అన్నాను. "నేనే."

"నువ్వు గీసింది చూశాను కదా. అది బానే ఉంది. తర్వాత ఎవరో తిప్పారు."

"నేనే తిప్పాను. వెనక్కి వెళ్ళే బటన్‌లా ఉందన్నారు. గురువారం సాయంత్రం తిప్పి పంపించాను."

అతను కిటికీ వైపు చూశాడు.

"ఈ బల్ల దగ్గరా?"

"ఊఁ."

"ఇలా కిటికీకెదురుగా కూర్చునే?"

"ఊఁ."

"పందొమ్మిదేళ్ళుగా నువ్వు కూడా చూస్తున్నావనుకున్నాను," అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి, సర్దిపెట్టిన బూట్లు మళ్ళీ వేసుకుని లాకు దగ్గరికి వెళ్ళిపోయాడు. సూప్ అలాగే ఉండిపోయింది.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, రియానెని అనేదాన్ని, కార్యాలయాన్ని అనేదాన్ని. కానీ అతనన్న మాట నిజం. చూడలేదు. పందొమ్మిదేళ్ళలో ఆ కిటికీలోంచి వానని చూశాను, బాతుల్ని చూశాను, ఫోప్పె వస్తున్నాడా లేదా అని చూశాను. తలుపుని బొమ్మ గీయడానికి కావలసినంత చూసి, గీశాక మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే కాలువల కార్యాలయంలో పరీక్షలు చూసే బేరెంట్‌కి ఫోన్ చేశాను. బొమ్మ తప్పని చెప్పాను.

"చూడండమ్మా," అన్నాడు ఓపిగ్గా, "ఏడుగురు సరిగ్గానే రాశారు. బొమ్మ తప్పయితే అందరూ తప్పాలి కదా."

"బొమ్మ తప్పు కాబట్టే ఏడుగురూ అలా రాశారండీ. వాళ్ళు నా బొమ్మని నమ్మారు."

"మీవారి విషయం మాకూ బాధగానే ఉంది. కొత్త కూర్పులో చూద్దాం, వసంతంలో."

మా ఇంటికి గడువు కొత్త సంవత్సరమని అతనికీ తెలుసు. పెట్టేసి రియానెకి చేశాను.

"సంతకాలయిపోయాయి విట్స్కె. ఇప్పుడు తప్పని మనమే చెప్పుకుంటే ఇంకో పని ఇస్తారా మనకి?"

"ఆ ఏడుగురూ ఆదివారం నుంచి లాకులు నడుపుతారు. తలుపు ఎటు బిగుసుకుంటుందో ఒక్కరికీ తెలియదు."

"బటన్ నొక్కడానికి అది తెలియాలా?"

"మరి ప్రమాదాల ప్రశ్నల్లో ఎందుకు పెట్టారు?"

"చెప్పేది విను. నీ మొగుడి కోసం చేస్తున్నావని అందరూ అనుకుంటారు."

"అవును, ఆయన కోసమే," అన్నాను. "అయినా తలుపు తిరగబడే ఉంది. పరీక్ష రాసినవాళ్ళందరికీ ఉత్తరం రాస్తాను."

"నువ్వు ఉత్తరం రాస్తే నేను నిన్ను కాపాడలేను. ముందే చెప్తున్నా."

బెదిరింపుగా అనలేదు పాపం, భయంగా అంది. ఫోన్ పెట్టాక నేను ఏడో పాఠం తెరిచి, పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టాను. కింద మూడు వాక్యాలు రాశాను. ఎడమ పక్కది సరైన తలుపు. కుడి పక్కది నేను తిప్పిన తలుపు. దీన్ని లాకుకి బిగిస్తే నీళ్ళు దాన్ని తెరిచేసి ఊళ్ళోకి వస్తాయి. పరీక్ష రాసిన ఎనిమిది మందికీ, బేరెంట్‌కీ, రియానెకీ పంపించాను. పేరు కింద పాఠాల బొమ్మలు చేసే మనిషి అని రాసుకున్నాను. లస్కరు భార్య అని కూడా రాయాలా అని ఆలోచించి, రాశాను.

ఫోప్పెకి నేను చెప్పలేదు. మేం అప్పటికి ఉప్పు, తువ్వాలు, తలుపెయ్యి లాంటి మాటలు తప్ప మాట్లాడుకోవడం లేదు. ఆ సాయంత్రం అతనికి ఫోనొచ్చింది. పాసైన ఏడుగురిలో ఒకామె గెర్బ్రిఖ్, పదేళ్ళు వంతెన నడిపిన మనిషి. ఆమె గొంతు ఫోన్లోంచి వంటింటి దాకా వినపడుతుంది.

"ఒరేయ్ ఫోప్పె, నీ పెళ్ళాం నన్ను ఫెయిల్ చేసేసిందిరా."

"ఏమైంది?"

"ఉత్తరం చూడలేదా? సిగ్గేసిందిరా బాబూ. పదేళ్ళు నీళ్ళ మీదే బతికి ఎడమ అని రాసి వచ్చాను. బేరెంట్‌కి నేనూ చేశాను. నా మార్కు నాకొద్దన్నాను."

ఫోప్పె ఫోన్ పెట్టి ఉత్తరం చదివాడు. తన ఫోన్లో రెండు వేళ్ళతో బొమ్మలు పెద్దవి చేసి చూశాడు.

శుక్రవారం పొద్దున పదింటికి, వానలో, కార్యాలయం వ్యాన్ వచ్చి మా లాకు దగ్గర ఆగింది. మర్నాడు ఒక్క రోజే మిగిలింది, కొత్త పాఠం చేయించే సమయం లేదు, ఏడుగురిని అలా కూర్చోబెట్టే ధైర్యమూ లేదు. అందుకని బేరెంట్ ఆ ఒక్క ప్రశ్ననీ లాకు దగ్గరే అడగడానికి అందర్నీ వెంటబెట్టుకొచ్చాడు. ఎనిమిది మంది రెయిన్‌కోట్లలో ఫోప్పెతో సహా గట్టు మీద వరసగా నిలబడ్డారు. నేను కిటికీ దగ్గర్నుంచి చూస్తున్నాను. కాఫీ కలిపి, చక్కెర రొట్టె ముక్కలు కోసి పెట్టుకున్నాను కానీ, తీసుకెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక్కొక్కరినీ తలుపు మీది నడక బల్ల మీదకి తీసుకెళ్ళి అడుగుతున్నాడు. వాళ్ళు కిందకి వంగి చూస్తున్నారు. ఒక్కొక్కరే చెయ్యి ఎత్తి చూపిస్తున్నారు. చూసినవాళ్ళెవరూ తప్పు చెప్పలేదు. కళ్ళెదుట ఉన్నప్పుడు అది ప్రశ్నే కాదు. ఏడుగురయ్యాక బేరెంట్ కాగితాల అట్ట మూసేశాడు. ఫోప్పె అతనికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. కిటికీ కొంచెం తెరిచాను.

"నన్నడగలేదు," అన్నాడు ఫోప్పె.

"మిమ్మల్నేం అడుగుతానండీ."

"వాళ్ళనడిగినట్టే అడగండి. మంగళవారం అడిగారు కదా."

బేరెంట్ మళ్ళీ అట్ట తెరిచాడు. "ఎగువ నీళ్ళు ఎటు?" అని అడిగాడు, వానలో, ఇరవై ఆరేళ్ళ లస్కరుని.

ఫోప్పె ముందు కిందకి చూశాడు. నిజంగానే చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత చెయ్యి ఎత్తి, "అటు," అన్నాడు. బేరెంట్ రాసుకున్నాడు.

రెండు నిమిషాలకి వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఫోప్పె వంటింట్లోకి వచ్చాడు, ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళెం వంక చూశాడు.

"కప్పులెన్ని?" అన్నాడు.

"తొమ్మిది. నువ్వూ, వాళ్ళు ఏడుగురూ, ఆయనా."

"ఇంకోటి పెట్టు," అన్నాడు. పళ్ళెం తను పట్టుకున్నాడు. నేను రొట్టె పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

అలా ఇల్లు నిలబడింది. నా ఉద్యోగం నిలబడలేదు. రియానె అబద్ధం చెప్పలేదు, కాపాడలేకపోయింది. కార్యాలయం ఇక మా కంపెనీకి పని ఇవ్వనంది, సోమవారం నా ఒప్పందం చివరి నెల అని కాగితం వచ్చింది. దాని చివర్లో రియానె చేత్తో, నీ తలుపు బాగుండింది, అని రాసింది. దాన్ని చూసి నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. నలభై ఒక్క కూర్పులు చేయించి ఇప్పుడు చెప్తుందా అనిపించింది.

నవంబరు రెండో వారం. ఫోప్పె రోజూ పట్నం వెళ్తున్నాడు. లాకు తనంతట తనే తెరుచుకుని మూసుకుంటోంది, పచ్చదీపం తనే వెలుగుతోంది. గట్టు మీద మనిషి లేకుండా తలుపు కదులుతుంటే చూడ్డానికి నాకు బాగోదు, అయినా చూస్తున్నాను. ఆ రోజు పొద్దున కిటికీ బయట పాలు పోసినట్టు పొగమంచు. ఉద్యోగాల ప్రకటనలు చదువుతుంటే ఫోన్ మోగింది.

"నేనే," అన్నాడు ఫోప్పె. వెనకాల ఎవరెవరో మాట్లాడుతున్నారు. "మన కెమెరాలో ఏమీ కనపడట్లేదు. దిగువన ఇసుక పడవ ఒకటి వచ్చి ఆగింది. లాకులో నీళ్ళు దించాలి. ఎగువ తలుపులు పూర్తిగా కలిశాయో లేదో తెలియట్లేదు. మనిషిని పంపిస్తే నలభై నిమిషాలు పడుతుంది."

"కిటికీలోంచి నాకూ కనపడట్లేదు."

"అయితే వెళ్ళు."

అతని పాత బూట్లు వాకిట్లోనే ఉన్నాయి. వేసుకుని వెళ్ళాను. గట్టు దగ్గరికి వెళ్ళేదాకా తలుపే కనపడలేదు. వంగి చూశాను. తడిసిన కొయ్య, మేకులు, రెండు రెక్కలు కలిసిన గీత. గీత మీద సందు లేదు.

"కలిశాయి. సందు లేదు."

"ముక్కు ఎటుంది?"

అది ఎవరూ అడగక్కర్లేని ప్రశ్న. అక్కడ గదిలో అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఎగువకి," అన్నాను.

"తెలిసి చెప్తున్నావా, చూసి చెప్తున్నావా?"

"చూసే చెప్తున్నా ఫోప్పె."

"సరే, తలుపు మీద ఎక్కకు, గట్టు మీదే ఉండు," అన్నాడు. "దించుతున్నా."

కింద ఎక్కడో నీళ్ళు కదిలిన చప్పుడు మొదలైంది. లాకులో మట్టం మెల్లగా దిగుతుంటే, అవతల నుంచి కాలువ బరువంతా తలుపు మీద పడింది. రెండు రెక్కలూ ఒకదాన్నొకటి ఒత్తుకుని కిర్రుమన్నాయి. తలుపు నుంచి గట్టు మీదికి చాచుకున్న దూలం మీద చెయ్యి వేసి, నీళ్ళు పూర్తిగా దిగేదాకా చూస్తూ నిలబడ్డాను.